తాకిడియందు రెండు ఖాతాలు

కదలుచున్న వస్తువు మరియొక వస్తువును తాకినప్పుడు ఏమి జరుగును? ప్రశ్న చిన్నదే. వీధిలో గోలీలాడు బాలుడు మొదలు యార్డులో గూడ్సుపెట్టెలను కలుపు రైల్వే ఉద్యోగివరకు అందరును దీని సమాధానమును ప్రతిదినము కన్నులార చూచుచున్నవారే. అయినను పై తరగతులలో భౌతికశాస్త్రము చదువు మన పిల్లలు ఎక్కువగా తడబడు ప్రకరణములలో ఇది యొకటి. ఆ లెక్కలో స్ప్రింగు కూడ ప్రవేశించినచో తడబాటు రెట్టింపగుచున్నది.

సూత్రములు కంఠస్థము కాకపోవుట దీనికి కారణము గాదు. ద్రవ్యవేగము నిత్యమనియు, శక్తి నిత్యమనియు రెండు నియమములను పిల్లలు చక్కగా అప్పగింతురు. ఏ నియమమును ఎచ్చట ప్రయోగింపవలెనో తెలియకపోవుటయే కష్టము. రెండును కావలసినచోట ఒకదానితో సరిపుచ్చి, ఒకటి పనికిరానిచోట దానినే పట్టుకొని, మార్కులు పోగొట్టుకొందురు. మార్కులు పోయిన మరల తెచ్చుకొనవచ్చును. “ఈ శాస్త్రము నాకు రాదు” అను నిరాశ ఒకసారి మనస్సున నాటుకొన్నచో దానిని పెకలించుట కష్టము.

మన పిల్లల తల్లిదండ్రులలో అనేకులకు మరియొక శంక కలదు. ఇంటిలో తెలుగు, వీధిలో ఒడియాయో, కన్నడమో, తమిళమో, మరాఠీయో, పై చదువులలో ఆంగ్లము. ఇట్టి స్థితిలో భౌతికశాస్త్రమువంటి విషయమును తెలుగున నేర్చుటవలన ప్రయోజనమేమి యని వారి శంక. దానికి ఇచ్చట వాదముతో బదులు చెప్పబూనలేదు. కఠినమని పేరుపడిన ఈ ఒక్క ప్రకరణమును తీసికొని, మొదటినుండి చివరవరకు తెలుగున విప్పి చూపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. కూడిక, తీసివేత, హెచ్చవేత తెలిసిన ప్రతివారును దీనిని అనుసరింపగలరు. తీర్పు చెప్పవలసినవారు చదువరులే.

రెండు రాశులు

కదలుచున్న వస్తువునందు మనము రెండు రాశులను లెక్కింపవచ్చును. మొదటిది ద్రవ్యవేగము. వస్తువుయొక్క ద్రవ్యరాశిని దాని వేగముతో హెచ్చించిన వచ్చునది ద్రవ్యవేగము. రెండవది గతిశక్తి. ద్రవ్యరాశిని వేగముయొక్క వర్గముతో, అనగా వేగమును వేగముతోనే హెచ్చించగా వచ్చిన సంఖ్యతో, హెచ్చించి అందు సగము తీసికొన్నచో అది గతిశక్తి.

ఈ రెంటికిని గల భేదమును వ్యాపారి ఖాతా పుస్తకమునుబట్టి గ్రహింపవచ్చును. ద్రవ్యవేగమునకు దిశ కలదు. తూర్పునకు పోవు వస్తువు ద్రవ్యవేగమును జమగా వ్రాసినచో, పడమరకు పోవు వస్తువు ద్రవ్యవేగమును ఖర్చుగా వ్రాయవలెను. రెండును సమానమైనచో నిలువ సున్న యగును. గతిశక్తికి దిశ లేదు. తూర్పునకు పోయినను పడమరకు పోయినను అది జమయే. ఆ ఖాతాలో ఖర్చుపద్దు లేదు. ఎదురెదురుగా సమానవేగముతో వచ్చు రెండు సమానమైన గోలీల మొత్తము ద్రవ్యవేగము సున్న. కాని వాని మొత్తము గతిశక్తి సున్న కాదు. అవి తాకినప్పుడు వినబడు టక్కుమను ధ్వనియే అందుకు సాక్ష్యము.

ఇప్పుడొక గోలీ నిశ్చలముగా నున్నదనుకొందము. అంతే బరువుగల మరియొక గోలీ సెకనుకు 2 మీటర్ల వేగముతో వచ్చి దానిని నిండుగా తాకినది. లెక్క సులభమగుటకై ఒక్కొక్క గోలీ ద్రవ్యరాశిని 1 అనుకొందము. తాకకముందు ద్రవ్యవేగము 2, గతిశక్తియు 2. తాకిన తరువాత రెండు గోలీలును చెరియొక మీటరు వేగముతో కలిసి ముందునకు పోవచ్చునా? ద్రవ్యవేగపు ఖాతా ఒప్పుకొనును. 1 యును 1 యును కలిసి 2. కాని గతిశక్తి ఖాతాలో అరయును అరయును కలిసి 1 మాత్రమే. సగము శక్తి కనబడుట లేదు. గాజుగోలీల విషయమున ఇట్లు జరుగదు. వచ్చిన గోలీ దాదాపు నిలిచిపోయి, నిలిచియున్న గోలీ దాదాపు 2 మీటర్ల వేగముతో బయలుదేరును. అప్పుడు రెండు ఖాతాలును సరిపడును. గోలీలకు మారుగా రెండు తడిమట్టి ముద్దలను తీసికొన్నచో అవి అంటుకొని 1 మీటరు వేగముతోనే పోవును. ఆ పోయిన సగము శక్తి మట్టిని అణచుటకును, దానిని కొంచెము వేడిచేయుటకును వినియోగమైనది.

దీనివలన ఒక సంగతి స్పష్టమగుచున్నది. ద్రవ్యవేగపు ఖాతా గాజునకును మట్టికిని ఒకే విధముగా సరిపడినది. గతిశక్తి ఖాతా గాజునందు సరిపడి, మట్టియందు తప్పినది. ఈ భేదమేల కలిగెను? ఈ ప్రశ్నకు సమాధానము చూపునది స్ప్రింగే.

పండితుల వివాదము

ఈ రెండు రాశులను విడదీయుటకు ఐరోపా పండితులకు నూరేండ్లకు పైగా పట్టినది. ఫ్రెంచి తత్త్వవేత్త డేకార్టు 1644లో ప్రకటించిన గ్రంథమున, లోకమందలి చలనపరిమాణము మారదని చెప్పెను. అయితే అతడు దిశను లెక్కలోనికి తీసికొనలేదు. జమనుండి ఖర్చును తీసివేయవలసినచోట రెంటిని కూడినట్లయినది. అందుచే తాకిడినిగూర్చి అతడు చెప్పిన నియమములలో పెక్కు అనుభవమునకు సరిపడలేదు. 1668లో లండను రాయల్ సొసైటీవారు ఈ విషయమును పరిశీలింపగోరగా, వాలిస్, రెన్, హైగెన్స్ అను మువ్వురు వేరువేరుగా సమాధానములు పంపిరి. వాలిస్ అంటుకొనిపోవు వస్తువులనుగూర్చి వ్రాసెను. తక్కిన ఇద్దరును ఎగసి వెనుదిరుగు వస్తువులనుగూర్చి వ్రాసిరి. దిశను లెక్కించినయెడల ద్రవ్యవేగము నిలుచునని దీనివలన తేలినది.

జర్మను పండితుడు లైబ్నిజ్ 1686లో మరియొక వాదము లేవదీసెను. చలనముయొక్క నిజమైన కొలత వేగము గాదు, వేగవర్గమని అతని మతము. హాలండు దేశమునకు చెందిన గ్రావెసాండె 1720ల ప్రాంతమున ఇత్తడి గుండ్లను మెత్తని మట్టిపై పడవైచి చూచెను. రెట్టింపు వేగముతో పడిన గుండు రెండింతలు గాక నాలుగింతల గుంట చేసెను. ఫ్రాన్సునందు ఎమిలీ ద్యు షాతలే అను విదుషీమణి 1740లో ప్రకటించిన గ్రంథమున ఈ పక్షమునే బలపరచెను. వివాదము చిరకాలము సాగినది. అసలు రెండు పక్షములును సత్యమే. వారు కొలిచినవి రెండు వేరువేరు రాశులు. ఒకటి ద్రవ్యవేగము, రెండవది శక్తి. మట్టిలో పోయినట్లు కనబడిన శక్తి ఉష్ణముగా మిగులునని 1840లలో జౌల్ ప్రయోగములవలన స్థిరపడినది.

అంతటి పండితులే తికమకపడిన విషయమున పదునారేండ్ల బాలుడు తికమకపడుట వింత గాదు. మందమతివని వానిని గద్దింపరాదు.

షంటింగు యార్డులో ఒక లెక్క

ఒడిశాలోని ఖుర్దారోడ్డువంటి జంక్షనులలో రైల్వే కొలువు చేసిన తెలుగు కుటుంబములకు షంటింగు అను మాటకు అర్థము చెప్పనక్కరలేదు. పెట్టెలను విడదీసి, వేరొక వరుసలో కూర్చుటయే షంటింగు. పెట్టె పెట్టెను తాకకుండ ఈ పని జరుగదు. కావున తాకిడివలన కలుగు దెబ్బను ఓర్చుకొను అమరిక ప్రతి పెట్టెకును ఉండవలెను. పాతరకపు పెట్టెల కొనలయందు పళ్ళెములవంటి జంట బఫరులును, వాని వెనుక బలమైన స్ప్రింగులును ఉండును. 1955లో పెరంబూరు కర్మాగారమున నిర్మాణము ప్రారంభమైన ప్రయాణికుల పెట్టెలకు ఇట్టి ప్రక్కబఫరులే అమర్చబడినవి. ఇప్పటి గూడ్సుపెట్టెలకును, క్రొత్తరకపు ప్రయాణికుల పెట్టెలకును మధ్యనుండు కప్లరే బఫరుపనిని కూడ చేయును. దాని వెనుకను కుదింపును ఓర్చు అమరిక కలదు.

లెక్కకు అనుకూలమైన అంకెలను మనమే ఊహించుకొందము. 20 టన్నుల ఖాళీ పెట్టె సెకనుకు 2 మీటర్ల వేగముతో వచ్చుచున్నది. పట్టాలపై 60 టన్నుల నిండుపెట్టె నిశ్చలముగా నున్నది. దానికి బ్రేకు వేయలేదు. రెంటి నడుమ స్ప్రింగు కలదు. పట్టాల ఘర్షణ స్వల్పము గనుక ప్రస్తుతము దానిని విడిచివేయుదము.

తాకకముందు ద్రవ్యవేగము 20,000 కిలోగ్రాములను 2 చే హెచ్చింపగా 40,000. గతిశక్తి 20,000ను 2యొక్క వర్గమగు 4 చే హెచ్చించి సగము చేయగా 40,000 జౌళ్ళు. రెండు సంఖ్యలును ఒకటే యగుట ఈ అంకెల చలువ. అవి వేరువేరు రాశులని మరువరాదు.

బఫరులు తాకినవి. స్ప్రింగు కుదియుట ఆరంభించినది. అది ఖాళీపెట్టెను వెనుకకు నెట్టుచు, నిండుపెట్టెను ముందునకు నెట్టుచున్నది. ఒకదాని వేగము తగ్గుచున్నది. రెండవదాని వేగము పెరుగుచున్నది. వెనుకపెట్టె ముందుపెట్టెకన్న వేగముగా పోవుచున్నంతసేపు నడిమి దూరము తగ్గును, స్ప్రింగు కుదియును. ముందుపెట్టె వేగము ఎక్కువైనచో నడిమి దూరము పెరుగును, స్ప్రింగు విచ్చుకొనును. కావున రెండు వేగములును సరిగా సమానమైన క్షణముననే స్ప్రింగు మిక్కిలిగా కుదిసియుండును.

ఆ క్షణమున రెండు పెట్టెలును నిలిచిపోవునని పిల్లలు తరచుగా వ్రాయుదురు. నిలిచినచో ద్రవ్యవేగము సున్న కావలెను. అప్పుడు 40,000 ఎక్కడికి పోయినది? పోవుటకు దారి లేదు. అవి నిలువవు, ఒకే వేగముతో కలిసి పోవుచుండును. మొత్తము 80,000 కిలోగ్రాములకు 40,000 ద్రవ్యవేగమనగా సెకనుకు అర మీటరు వేగము.

ఇప్పుడు శక్తిని చూతము. 80,000 కిలోగ్రాములు అర మీటరు వేగముతో పోవునప్పటి గతిశక్తి 10,000 జౌళ్ళు. మొదట నున్నది 40,000. తక్కిన 30,000 జౌళ్ళు స్ప్రింగులో స్థితిశక్తి రూపమున నిలువయున్నవి. చూడుడు: స్ప్రింగు శక్తి ఖాతానుండి ముప్పాతిక భాగమును పుచ్చుకొన్నది, ద్రవ్యవేగపు ఖాతానుండి చిల్లిగవ్వయు పుచ్చుకొనలేదు.

కాలము ఒకటి, దూరములు రెండు

స్ప్రింగు ఒకదానిని పుచ్చుకొని రెండవదానిని ముట్టకుండుట ఏల? ఈ వ్యాసమునకు ప్రాణమైన విషయమిదే. ద్రవ్యవేగమునందలి మార్పు బలమును కాలముతో హెచ్చించిన వచ్చును. శక్తియందలి మార్పు బలమును దూరముతో హెచ్చించిన వచ్చును. ఈ రెండు వాక్యములు అర్థమైనచో తక్కినదంతయు తానే విడిపోవును.

స్ప్రింగు తన రెండు కొనలయందును సమానమైన బలముతో, ఎదురు దిశలలో నెట్టును. ఒక పెట్టెను ఎంతసేపు నెట్టునో రెండవదానిని అంతసేపే నెట్టును. ఒకటి ముందు విడిచి, ఒకటి తరువాత విడుచుట లేదు. బలము సమానము, కాలము సమానము, దిశలు ఎదురు. కావున ఒక పెట్టె పోగొట్టుకొన్న ద్రవ్యవేగమెంతయో రెండవది పొందినది అంతే. మన లెక్కలో ఖాళీపెట్టె వేగము 2నుండి అరకు తగ్గినది. అది పోగొట్టుకొన్నది 30,000. నిండుపెట్టె సున్ననుండి అరకు పెరిగినది. అది పొందినది 60,000లో సగము, అనగా 30,000. నడుమ దళారికి మిగులు లేదు.

దూరముల విషయము అట్లు గాదు. స్ప్రింగు కుదియుచున్నదనగా వెనుకకొన ఎక్కువదూరము, ముందుకొన తక్కువదూరము జరిగినదని యర్థము. రెండును సమానముగా జరిగినచో కుదింపే యుండదు. మన లెక్కలో స్ప్రింగును 1 మీటరు కుదించుటకు 60 లక్షల న్యూటనుల బలము కావలసినంత గట్టిదానినిగా తీసికొన్నచో, అది 10 సెంటీమీటర్లు కుదియును. అందుకు పట్టు కాలము సుమారు 0.08 సెకను. ఆ కాలములో ఖాళీపెట్టె సుమారు 11.4 సెంటీమీటర్లు, నిండుపెట్టె సుమారు 1.4 సెంటీమీటర్లు జరుగును. భేదము 10 సెంటీమీటర్లు; అదియే కుదింపు. ఒకే బలముతో ఒకటి ఎక్కువదూరము నెట్టి, 37,500 జౌళ్ళు పోగొట్టుకొన్నది. రెండవది తక్కువదూరము నెట్టబడి, 7,500 జౌళ్ళు మాత్రమే పొందినది. నడుమనున్న 30,000 జౌళ్ళును స్ప్రింగు సొత్తైనవి.

కావున ఇట్లు గుర్తుంచుకొనవచ్చును: కాలము ఇరువురికిని ఒకటే, అందుచే ద్రవ్యవేగము నిలుచును; దూరములు వేరు, అందుచే గతిశక్తి చేయి మారును. గాజుగోలీయందును ఇదే జరుగుచున్నది. గాజు మిక్కిలి గట్టి స్ప్రింగు. తాకిన క్షణమున అది కంటికి కనబడనంత స్వల్పముగా కుదిసి, పుచ్చుకొన్న శక్తిని దాదాపు సంపూర్ణముగా తిరిగి యిచ్చును. మట్టి కూడ పుచ్చుకొనును. కాని తిరిగి యియ్యదు. గాజునకును మట్టికిని గల భేదము ఇంతే.

తరువాతి కథ

స్ప్రింగు పూర్తిగా కుదిసిన పిదప ఏమగును? రెండు మార్గములు కలవు. కప్లింగు పడలేదు, స్ప్రింగు మంచిది అనుకొందము. అది విచ్చుకొనుచు పుచ్చుకొన్న 30,000 జౌళ్ళను మరల పెట్టెలకు ఇచ్చివేయును. అప్పుడు నిండుపెట్టె సెకనుకు 1 మీటరు వేగముతో ముందునకు పోవును. ఖాళీపెట్టె 1 మీటరు వేగముతో వెనుకకు మరలును. ద్రవ్యవేగము చూడుడు: ముందునకు 60,000 జమ, వెనుకకు 20,000 ఖర్చు, నిలువ 40,000. గతిశక్తి 30,000ను 10,000ను కలిసి 40,000. రెండు ఖాతాలును మొదటి అంకెకే వచ్చినవి.

తాకినవెంటనే కప్లింగు పడినచో పెట్టెలు విడిపోలేవు. స్ప్రింగు కొంతసేపు కుదియుచు విచ్చుచు ఊగులాడి, ఘర్షణచే తన శక్తిని ఉష్ణముగా వ్యయము చేసి శాంతించును. చివరకు రెండును అర మీటరు వేగముతో పోవును. 30,000 జౌళ్ళు గతిశక్తి ఖాతానుండి తొలగినవి. ద్రవ్యవేగము మాత్రము 40,000గానే యున్నది. పుచ్చుకొన్న శక్తినంతయు తిరిగి యిచ్చు స్ప్రింగు పొడవైన రైలుబండికి మంచిది గాదు. పెట్టెలు ఒకదానినొకటి ముందువెనుకలకు నెట్టుకొనుచునే యుండును. అందుచేతనే కప్లరు వెనుకనుండు అమరికలలో ఘర్షణఫలకములను గాని, రబ్బరును గాని చేర్చి, పుచ్చుకొన్న శక్తిలో ఎక్కువభాగము ఉష్ణముగా మారునట్లు ఇంజనీర్లు ఏర్పాటు చేసిరి.

వేగము రెట్టింపైనచో

మరల మన లెక్కకు వత్తము. పెట్టె వేగము 2నుండి 4 మీటర్లకు పెరిగినదనుకొందము. ద్రవ్యవేగము రెట్టింపైనది, 80,000. కాని గతిశక్తి నాలుగింతలై 1,60,000 జౌళ్ళైనది. స్ప్రింగు పుచ్చుకొనవలసినది 1,20,000 జౌళ్ళు. అందుకు అది 10కి మారుగా 20 సెంటీమీటర్లు కుదియవలెను. స్ప్రింగు కుదియుటకు 12 సెంటీమీటర్ల చోటే యున్నచో ఏమగును? చోటు ముగిసిన తరువాత ఇనుము ఇనుమును తాకును. మిగిలిన శక్తి చట్రమును వంచుటకును, లోపలి సరకును పగులగొట్టుటకును, లోపల మనుష్యులున్నచో వారిని పడద్రోయుటకును వినియోగమగును.

స్ప్రింగు చేయు ఉపకారమెంతయో కూడ లెక్కింపవచ్చును. బలము కుదింపునకు అనులోమముగా పెరుగునను నియమమును రాబర్టు హుక్ 1678లో ప్రకటించెను. దానినిబట్టి మన స్ప్రింగు 10 సెంటీమీటర్లు కుదిసినప్పటి బలము 6 లక్షల న్యూటనులు. అనగా సుమారు 61 టన్నుల బరువు. స్ప్రింగు నూరింతలు గట్టిదైనచో అదే 30,000 జౌళ్ళకు 1 సెంటీమీటరు మాత్రమే కుదియును. బలము పదింతలై 60 లక్షల న్యూటనులగును. శక్తి అంతే, ద్రవ్యవేగము అంతే. దెబ్బ మాత్రము పదింతలు. స్ప్రింగు దెబ్బను మ్రింగివేయునని జనులందురు. వాస్తవమునకు అది దెబ్బను ఎక్కువ దూరమునకును, ఎక్కువ కాలమునకును పంచిపెట్టును.

భారత రైల్వేల నిబంధనలలో షంటింగు కదలిక సాధారణముగా గంటకు 15 కిలోమీటర్లకు మించరాదనియు, ప్రేలుడు పదార్థములవంటివి గల పెట్టెల విషయమున 8 కిలోమీటర్లకు మించరాదనియు ఉన్నది. తాకునప్పటి వేగము ఇంతకంటెను చాల తక్కువగా నుండవలెను. 15కును 8కిని భేదము రెండింతలైనను లేదు. కాని వానివలన కలుగు గతిశక్తుల భేదము మూడున్నర ఇంతలు. పెట్టెల నడుమకు పోయి కప్లింగు తగిలించు పనివాని ప్రాణము ఈ వేగవర్గముమీద ఆధారపడియున్నది. ఇట్టి నిబంధన పుస్తకముకొరకు పుట్టినది గాదు.

పరీక్షలో వచ్చు రెండు చిక్కులు

మొదటి చిక్కు గోడ. గోడకు బిగించిన స్ప్రింగును ఒక దిమ్మ వచ్చి తాకినదని ప్రశ్నలో నుండును. ఇచ్చట దిమ్మ స్ప్రింగు పూర్తిగా కుదిసినపుడు నిజముగనే ఒక క్షణము నిలుచును. తరువాత వెనుకకు మరలును. దాని ద్రవ్యవేగము నిలువలేదు. నియమము తప్పినదా? తప్పలేదు. గోడ భూమికి అంటియున్నది. ఆ ద్రవ్యవేగము భూమి ఖాతాకు జమపడినది. భూమి ద్రవ్యరాశి అపారము గనుక దాని వేగమునందలి మార్పు మనకు తెలియదు. మరి శక్తియో? గోడ కదలలేదు. బలమున్నది, కాలమున్నది, దూరము లేదు. కావున గోడ ద్రవ్యవేగమును పుచ్చుకొన్నది గాని శక్తిని పుచ్చుకొనలేదు. అందుచే ఈ లెక్కను శక్తి నియమముతో చేయవలెను. దిమ్మ ఒక్కదాని ద్రవ్యవేగము నిత్యమని వ్రాయరాదు. నిండుపెట్టెకు బ్రేకు బిగించియున్నచో అదియు కొంతవరకు గోడవంటిదే; బయటినుండి పట్టాల బలము ప్రవేశించినది.

రెండవ చిక్కు మట్టిముద్ద. గోడకు బిగించిన స్ప్రింగు కొనయందు 900 గ్రాముల దిమ్మ నున్నగానున్న బల్లపై నిలిచియున్నది. 100 గ్రాముల మట్టిముద్ద సెకనుకు 10 మీటర్ల వేగముతో వచ్చి దిమ్మకు అంటుకొన్నది. స్ప్రింగును 1 మీటరు కుదించుటకు 100 న్యూటనుల బలము కావలెను. అది ఎంత కుదియును? పిల్లలు మట్టిముద్ద గతిశక్తి 5 జౌళ్ళను తిన్నగా స్ప్రింగునకు ఇచ్చివేసి, సుమారు 32 సెంటీమీటర్లు అని వ్రాయుదురు. అది తప్పు. ఇందు రెండు అంకములు కలవు. మొదటి అంకము అంటుకొనుట. అది క్షణములో ముగియును, అప్పటికి స్ప్రింగు దాదాపు కుదియలేదు. ఇచ్చట శక్తిని నమ్మరాదు, ద్రవ్యవేగమును నమ్మవలెను. 0.1ని 10 చే హెచ్చింపగా 1. మొత్తము ద్రవ్యరాశి 1 కిలోగ్రాము. కావున కలిసిన వేగము 1 మీటరు. గతిశక్తి అర జౌలు మాత్రమే. తక్కిన నాలుగున్నర జౌళ్ళు మట్టిలో పోయినవి. రెండవ అంకము స్ప్రింగు కుదియుట. ఇచ్చట గోడ కలదు గనుక ద్రవ్యవేగమును విడిచి శక్తిని పట్టుకొనవలెను. అర జౌలునకు స్ప్రింగు 10 సెంటీమీటర్లు కుదియును. ఒకే లెక్కలో మొదట ఒక నియమము, తరువాత రెండవ నియమము. తారుమారైనచో సమాధానము మూడింతలకు పైగా తప్పును.

ఇంటిలో అడుగదగిన ప్రశ్నలు

తల్లిదండ్రులు భౌతికశాస్త్రము చదివియుండనక్కరలేదు. పిల్లవాడు ఇట్టి లెక్క చేయుచున్నపుడు ప్రక్కన కూర్చుండి మూడు ప్రశ్నలడిగిన చాలును. బయటినుండి, గోడవలెనో బ్రేకువలెనో, నెట్టునది ఏదైన కలదా? లేనిచో ద్రవ్యవేగపు ఖాతాను నిర్భయముగా వ్రాయుమనుడు. ఏదైన అంటుకొన్నదా, నలిగినదా, వేడెక్కినదా? అట్లయినచో ఆ అంకమున గతిశక్తి ఖాతాను నమ్మవలదనుడు. స్ప్రింగు మిక్కిలిగా కుదిసినపుడు ఎవరి వేగమెంత? రెండును స్వేచ్ఛగా కదలగలవైనచో సమానమనియు, ఒకటి గోడయైనచో సున్న యనియు వానిచేతనే చెప్పింపుడు. సమాధానము తప్పైనను ఒప్పైనను “ఎందుచేత?” అని మరల అడుగుడు. కారణము చెప్పగలిగినవానికి సూత్రము మరపునకు రాదు.

రేపు ఈ పిల్లలే పై చదువులలో ద్రవ్యవేగమును మొమెంటమ్ అనియు, గతిశక్తిని కైనెటిక్ ఎనర్జీ అనియు పిలువవలసియుండును. ఆ పేర్లు నేర్చుటకు ఒక వారము చాలును. కాలము ఒకటే యగుటచే ఒక ఖాతా నిలుచుననియు, దూరములు వేరగుటచే రెండవది చేయి మారుననియు గ్రహించుటకు మాత్రము, అమ్మతో పోట్లాడునట్లు, స్నేహితునితో వాదించునట్లు, తడుముకొనకుండ ఆలోచింపగల భాష ఒకటి కావలెను. ఆ భాష మన పిల్లలకు ఇంటిలోనే యున్నది. ఈ సంవత్సరము మీ బిడ్డ భౌతికశాస్త్రపు నోటుపుస్తకమును ఒకసారి తెరిపించి, ఒక తాకిడి లెక్కను తెలుగున వివరింపుమని అడిగిచూడుడు.